బంతిలోంచి లేవాల్సింది ఎవరు?

(నెల్లూరులో ఒక ఆదివారం సాయంత్రం 'ఫెస్టెన్' సినిమా ప్రదర్శన అయ్యాక, రిటైరైన ఒక ప్రధానోపాధ్యాయురాలు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. లైట్లన్నీ ఒక్కసారే వెయ్యొద్దని నేనే చెప్పాను. ఇలాంటి సినిమా చూసిన వెంటనే పక్కనున్నవాళ్ల మొహం చూడాలంటే కష్టంగా ఉంటుంది. రెండు నిమిషాలు అట్లాగే కూర్చోండి. మంచినీళ్లు వెనక బల్ల మీద ఉన్నాయి.

ఈ సినిమా గురించి మాట్లాడమని అడిగినప్పుడు ఒప్పుకోవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. నేను సినిమాలు చదువుకున్న మనిషిని కాను. ముప్పయ్యొక్క ఏళ్లు ఈ జిల్లాలో పిల్లలకు తెలుగు చెప్పాను, చివరి ఎనిమిదేళ్లు హెడ్మిస్ట్రెస్‌గా చేశాను. నాకు తెలిసింది పిల్లలు, వాళ్ల ఇళ్లు. ఆ వైపు నుంచే మాట్లాడతాను.

ముందు సినిమా సంగతి. 'ఫెస్టెన్' డేనిష్ మాట. మన భాషలో విందు, వేడుక అనుకోవచ్చు. దర్శకుడు థామస్ వింటర్‌బెర్గ్. 1998లో వచ్చింది, ఆ ఏడాదే కాన్స్ సినిమా ఉత్సవంలో జ్యూరీ ప్రైజ్ తెచ్చుకుంది. అంతకు మూడేళ్ల ముందు ఆయనా, లార్స్ వాన్ ట్రయర్ అనే ఇంకో డేనిష్ దర్శకుడూ కలిసి 'డోగ్మె 95' అని పది నియమాలు రాసుకున్నారు. కెమెరా చేత్తోనే పట్టుకోవాలి, సెట్లు వెయ్యకూడదు, విడిగా లైట్లు పెట్టకూడదు, తర్వాత సంగీతం కలపకూడదు, ఇలాంటివి. ఆ నియమాలతో వచ్చిన మొదటి సినిమా ఇదే. చిన్న డిజిటల్ వీడియో కెమెరాతో తీశారు. బొమ్మ గరుకుగా, చీకటి చోట్ల చుక్కలు చుక్కలుగా కనిపించింది కదా, అది మన ప్రొజెక్టరు లోపం కాదు.

మనలో చాలామంది ఇళ్లలో ఆ రోజుల నాటి పెళ్లి క్యాసెట్లు బీరువా మీద ఇంకా ఉంటాయి. వీడియో అబ్బాయి భోజనాల బంతి మధ్యలో నడుచుకుంటూ వచ్చి మొహాల మీద కెమెరా పెడితే, చేతిలో ముద్ద చేతిలోనే ఉంచుకుని సిగ్గుపడుతూ నవ్వుతారే, ఈ సినిమా అంతా అట్లా ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు నా గుండె ఝల్లుమన్నది అందుకే. మన ఇంటి పెళ్లి క్యాసెట్ వేసుకుని చూస్తున్నట్టే ఉంది. అందులోంచి ఒకడు లేచి నిలబడి ఆ మాట చెప్పాడు.

ఆలస్యంగా వచ్చినవాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. హెల్గె అనే పెద్దమనిషికి అరవై ఏళ్లు నిండాయి. మన లెక్కలో షష్టిపూర్తి. హోటలున్న కుటుంబం, డబ్బుకీ పరువుకీ లోటు లేదు. బంధువులందరూ కార్లలో దిగారు. పెద్దకొడుకు క్రిస్టియన్. అతనితో పాటు కవలగా పుట్టిన లిండా కొన్నాళ్ల కిందటే ఆత్మహత్య చేసుకుంది. ఇంకో చెల్లెలు హెలెన్, తమ్ముడు మైకేల్ ఉన్నారు. భోజనాల దగ్గర క్రిస్టియన్ గ్లాసు మీద టింగుమని కొట్టి లేస్తాడు. చేతిలో రెండు ప్రసంగాలు, ఒకటి ఆకుపచ్చ కాగితం, ఒకటి పసుపు. ఏది చదవమంటావని తండ్రినే అడుగుతాడు. తండ్రి ఆకుపచ్చది అంటాడు. చిన్నప్పటి అల్లరితో మొదలుపెడతాడు, అందరూ నవ్వుతుంటారు. అదే గొంతుతో, నాన్న స్నానానికి వెళ్లేముందు తననీ లిండానీ తన గదిలోకి తీసుకెళ్లి తలుపు గడియ పెట్టడం గురించి, కిటికీ తెరలు దించడం గురించి, ఆ తర్వాత చేసినదాని గురించి చెప్పుకుంటూ పోతాడు. గొంతు పెరగదు, వణకదు. చెప్పడం అయిపోయాక కూర్చుంటాడు.

ఇక్కడ మీరందరూ క్రిస్టియన్‌ని చూస్తున్నారు, లేదంటే తండ్రి మొహాన్ని చూస్తున్నారు. నేను మాత్రం మిమ్మల్ని బల్ల చుట్టూ ఉన్న మిగతావాళ్లను చూడమంటాను. కాసేపు ఎవరికీ ఏం చెయ్యాలో తోచదు. ఒకరినొకరు చూసుకుంటారు. ఆ తర్వాత తిండి మళ్లీ మొదలవుతుంది. వేడుక నడిపే పెద్దమనిషి తర్వాతి వంతు ఎవరిదో చూస్తాడు. తాతగారు అంతకుముందు చెప్పిన కథే మళ్లీ చెబుతాడు.

మన బంతిలో ఒక పద్ధతి ఉంది. ఆకుల ముందు కూర్చున్నాక, తనది అయిపోయినా సరే, బంతి మధ్యలోంచి ఎవరూ లేవకూడదు. పక్కవాళ్లు తింటూ ఉండగా లేస్తే వాళ్లను అవమానించినట్టు. పెద్దాయన మజ్జిగన్నం తిని చెయ్యి కడగడానికి కదిలితేనే మిగతావాళ్లు కదులుతారు. చాలా మంచి పద్ధతి. తినేవాడికి తొందర లేకుండా చేసే పద్ధతి. కానీ ఆ మంచి పద్ధతే ఒక్కోసారి మనుషుల్ని ఆకు ముందు కట్టేస్తుంది. ఈ సినిమాలో జరిగింది అదే. లేస్తే బాగుండదు. అందుకని అందరూ కూర్చున్నారు. వాళ్లలో చాలామంది చెడ్డవాళ్లు కాదు. మర్యాదస్తులు, అంతే.

క్రిస్టియన్ ఒక్కసారి చెప్పి ఊరుకోలేదు, గమనించారా? మొదటిసారి చెప్పి వంటగదిలోకి వెళ్లిపోతాడు. ఇంక వెళ్లిపోదామనే ఉంటుంది అతనికి. చిన్ననాటి స్నేహితుడు, ఆ ఇంటి వంటవాడు కిమ్, ఇంకా చెయ్యాల్సింది ఉందని నిలబెడతాడు. రెండోసారి లేచి, చెల్లెలి చావుకు తండ్రే కారణమని అంటాడు. మూడోసారి లేచి తల్లిని నిలదీస్తాడు. అప్పుడు అతన్ని బయటికి తోసేస్తారు. చివరికి సొంత తమ్ముడే మనుషుల్ని వెంటేసుకుని అడవిలోకి ఈడ్చుకుపోయి చెట్టుకు కట్టేసి వస్తాడు. కట్లు విప్పుకుని మళ్లీ వస్తాడు.

1983లో రోలాండ్ సమ్మిట్ అనే అమెరికా మానసిక వైద్యుడు ఒక వ్యాసం రాశాడు. ఇంట్లో మనుషుల చేతుల్లో లైంగికంగా గాయపడిన పిల్లలు ఎట్లా ప్రవర్తిస్తారని. ఆయన చెప్పింది ఏందంటే, పిల్లలు వెంటనే చెప్పరు. ముందు ఆ గుట్టు మోస్తారు. తప్పించుకునే దారి లేదని తెలిశాక దానికి సర్దుకుంటారు. ఎప్పుడో చెబుతారు. చెప్పినప్పుడు కూడా తడబడుతూ, నమ్మబుద్ధి కాని విధంగా చెబుతారు. చెప్పాక ఇంట్లో జరిగే గందరగోళం చూసి భయపడి, 'లేదు, నేను అబద్ధం చెప్పా' అని వెనక్కి తీసుకుంటారు. ఈ చివరి మాట దగ్గర టీచర్లు ఆగి ఆలోచించాలని నా కోరిక. పిల్ల మాట మార్చింది కాబట్టి అంతా కట్టుకథే అని మనం తేల్చేస్తాం. పిల్ల మాట మార్చేది చాలాసార్లు మన మొహాలు చూసి.

ఇప్పుడు తల్లి సంగతి. నాకు ఈ సినిమాలో తండ్రి కన్నా తల్లి దగ్గరే ఎక్కువ కష్టమైంది. ఆమె లేచి ఎంత ముచ్చటగా మాట్లాడుతుందో చూశారు కదా. క్రిస్టియన్‌కి చిన్నప్పటి నుంచీ ఊహలు ఎక్కువ, నిజానికీ కట్టుకథకీ తేడా తెలిసేది కాదు అంటుంది. అందరి ముందూ తండ్రికి క్షమాపణ చెప్పమంటుంది. అప్పుడు బయటపడుతుంది అసలు సంగతి. 1974లో ఒకరోజు ఆమె ఆ గది తలుపు తీసింది. చూసింది. వెళ్లిపోయింది.

మనవైపు ఈ మాట ఎట్టా అంటారో మీకు తెలుసు. 'దానికి చిన్నప్పట్నుంచీ నోరెక్కువ.' 'టీవీ చూసి చెడిపోయింది.' 'మొన్న తిట్టాడని కోపంతో చెబుతుంది.' నేను స్టాఫ్ రూముల్లో ఈ మూడు మాటలూ విన్నాను. ఆ తల్లిని తిట్టడం తేలిక. ఆ తలుపు తీసిన నిమిషంలో ఆమె ముందు రెండు దారులు ఉన్నాయి. చూశానని ఒప్పుకుంటే కాపురం, ఇల్లు, పరువు, మిగతా పిల్లల బతుకు, అన్నీ ఆ గుమ్మంలోనే కూలిపోతాయి. చూడలేదనుకుంటే సాయంత్రం వంట చేసుకోవచ్చు. ఆమె వంట చేసుకునే దారి పట్టింది. ఆమెను నేను క్షమించలేను. కానీ ఆమెకు ఎంత భయమేసి ఉంటుందో నాకు తెలియదని కూడా అనలేను.

ఇంటి గుట్టు లంకకు చేటు అంటాం. ఎంత గడుసు సామెత! విభీషణుడు బయటికెళ్లి చెప్పబట్టి లంక కూలిందట. తెలుగు టీచరుగా ఈ సామెతను వందసార్లు బోర్డు మీద రాసి అర్థం చెప్పి ఉంటాను. రిటైరయ్యాక ఒకరోజు తట్టింది. లంకకు చేటు తెచ్చింది గుట్టు బయటపడటమా, రావణుడు చేసిన పనా? విభీషణుడు ముందు ఇంట్లోనే చెప్పాడు. అన్న ముఖానే, నిండు సభలో, సీతను తిరిగి పంపించెయ్యమన్నాడు. సభలో పెద్దలందరూ కూర్చునే ఉన్నారు. ఆ సభ విననందుకు కదా అతను బయటికి పోయింది? సామెత మాత్రం రావణుణ్ణి వదిలేసి, చెప్పినవాణ్ణి పట్టుకుంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఇంకోటి ఉంది. చించుకున్నందుకు నొప్పి అంటుందే గానీ, లోపల చీము పట్టిందా లేదా అని ఆ సామెత అడగదు.

మీరనొచ్చు, ఇవన్నీ విదేశాల సంగతులు, మన దగ్గర ఇంటి మాట బయటికి రాదు అని. ఈ జిల్లాలో కూర్చుని ఆ మాట అనకూడదు. 1992లో కలిగిరి మండలం దూబగుంటలో ఏం జరిగింది? అక్షరాస్యత ఉద్యమం నడుస్తున్న రోజులు. రాత్రి బడిలో చదువుకునే ఆడవాళ్ల వాచకంలో 'సీతమ్మ కథ' అని ఒక పాఠం. తాగుడు వల్ల సంసారం ఏమవుతుందో, ఆడవాళ్లు కలిసి సారా దుకాణం ఎట్లా మూయించారో అందులో ఉంది. ఆ పాఠం చదివిన ఆడవాళ్లకు అది వాళ్ల ఇంటి కథే అనిపించింది. ఊరి సారా దుకాణం మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఉద్యమం జిల్లా దాటి పోయి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది.

ఆ రోజుల్లో నేను కొత్తగా ఉద్యోగంలో ఉన్నాను. నాకు గుర్తున్నది ఊరేగింపులు కాదు. మొగుడు తాగొచ్చి కొట్టడం అంతకుముందు ఎవరికీ తెలియని విషయమా? వీధి వీధంతా వినిపించేది. తెలిసినా అది 'వాళ్లింటి విషయం'. నలుగురూ ఒకచోట కూర్చుని ఒక కథ చదివాక, అది వాళ్లింటి విషయం కాకుండా పోయింది. ఒక కథకు అంత బలం ఉంటుంది. ఇవాళ మిమ్మల్ని ఈ సినిమాకి రమ్మన్నది కూడా అందుకే. కాకపోతే ఒక తేడా ఉంది. దూబగుంటలో ఆడవాళ్లకు ఒకరికొకరు ఉన్నారు. ఎనిమిదేళ్ల పిల్లకు ఎవరున్నారు? ఆమెను బాధపెట్టేవాడే ఆమెకు అన్నం పెట్టేవాడైతే?

అన్నం పెట్టేవాణ్ణి చెడ్డవాడు అనుకోవడం పిల్ల వల్ల కాదు. అనుకుంటే బతకలేదు. అందుకని ఆ చెడ్డతనం తనలోనే ఉందనుకుంటుంది. ఈ సినిమాలో తండ్రి చివర్లో ఒక మాటంటాడు. ఎందుకు చేశావని కొడుకు అడిగితే, మీరు దానికే పనికొచ్చారు అన్నట్టుగా చెబుతాడు. హాల్లో ఎవరో 'ఛీ' అన్నారు, నాకు వినిపించింది. కానీ ఆ మాట ఆ పిల్లలకు కొత్త కాదు. లోపల ఇరవై ముప్పయ్ ఏళ్లుగా వాళ్లకు వాళ్లు చెప్పుకుంటున్న మాటే అది. ఆయన ఇప్పుడు నోటితో అన్నాడు.

ఒకే ఇంట్లో పెరిగిన పిల్లలు ఎంత వేరువేరుగా తయారయ్యారో చూడండి. క్రిస్టియన్ మొహంలో ఏమీ కదలదు, మంచు గడ్డకట్టినట్టు. హెలెన్ నవ్వుతుంది, గబగబా మాట్లాడుతుంది, ఒంటరిగా ఉన్నప్పుడు కూలబడిపోతుంది. మైకేల్‌కి ముక్కు మీద కోపం, భార్యని తిడతాడు, పనివాళ్ల మీద పడతాడు, హెలెన్ వెంట వచ్చిన నల్లజాతి స్నేహితుణ్ణి అవమానిస్తూ పాట ఎత్తుకుంటే బల్ల బల్లంతా గొంతు కలుపుతుంది. లిండా చనిపోయింది. వీళ్లలో ఎవర్ని చూసినా బంధువులు ఒక్కో పేరు పెట్టి ఉంటారు. ఒకడు ముంగి, ఒకతి తిక్కది, ఒకడు మొరటోడు, ఒకతి పిరికిది. నలుగురివీ వేరువేరు గుణాలనుకున్నారు. వేరు ఒక్కటే.

ఈ సినిమా కాన్స్‌లో ఆడిన 1998 మే నెలలోనే అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం అచ్చయింది. విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ యాండా, మరికొందరు వైద్యులు కలిసి చేశారు. చిన్నప్పుడు ఇంట్లో హింస, లైంగిక వేధింపు, తాగుడు, ఇలాంటివి ఎన్ని రకాలు చూశారని పెద్దవాళ్లను అడిగి, వాళ్ల ఇప్పటి ఆరోగ్యంతో పోల్చారు. లెక్క పెరిగేకొద్దీ దిగులు, ఆత్మహత్యా ప్రయత్నాలు, తాగుడే కాదు, గుండె జబ్బుల వంటివి కూడా పెరిగాయని తేలింది. అంటే పిల్ల మర్చిపోయింది అనుకున్నా ఒళ్లు మర్చిపోదు. నేను పనిచేసిన బడుల్లో ప్రతి సోమవారం కడుపునొప్పి అని వచ్చే పిల్లలు ఉండేవాళ్లు. వాము నీళ్లు తాగించి క్లాసుకి పంపేదాన్ని. సోమవారమే ఎందుకు నొప్పి వస్తుందని అడగాలని నాకు తట్టలేదు.

ఇప్పుడు ఒక సంగతి చెప్పాలి. ఇది చెప్పడానికే నాలుగు రోజులు పట్టింది.

చాలా ఏళ్ల కిందట, ఒక పల్లెటూరి హైస్కూల్లో, సంక్రాంతి సెలవులకి ముందురోజు సాయంత్రం. బడి వదిలేశారు. నేను స్టాఫ్ రూముకి తాళం వేస్తున్నాను. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి గుమ్మం పక్కన నిలబడి ఉంది. హాస్టల్లో ఉండి చదువుకునే పిల్ల. గుడ్డ సంచీ చంకన ఉంది, దాని పట్టీ కుట్టు ఊడిపోయింది. ఆ ఊడిన దారాన్ని వేలికి చుట్టుకుంటా, విప్పుతా, మళ్లీ చుట్టుకుంటా ఉంది. వేలి కొస ఎర్రగా కందిపోయింది.

'టీచర్, సెలవుల్లో హాస్టల్లో ఉండొచ్చా?' అంది.

'హాస్టల్ మూసేస్తారు గదమ్మా. పండక్కి ఇంటికి పోవా?'

'ఇంట్లో చిన్నాయన ఉంటాడు టీచర్.'

నేను నవ్వాను. 'ఉంటే మంచిదే గదా, పండగ పూట ఇల్లు నిండుగా ఉంటుంది' అన్నాను. ఆ పిల్ల నా వంక చూసింది. 'సరే టీచర్' అంది. వెళ్లిపోయింది. నాకు కావలి బస్సు తప్పిపోతుందని తొందర. ఆ వేలు మాత్రం ఎందుకో కళ్లకు కట్టినట్టు ఉండిపోయింది.

తర్వాతి ఏడు ఆ పిల్ల బడికి రాలేదు. పెళ్లి చేశారన్నారు. పద్నాలుగేళ్లు గడిచాక, నేను ఇంకో ఊళ్లో హెడ్మిస్ట్రెస్‌గా ఉండగా, కూతుర్ని ఆరో తరగతిలో చేర్చడానికి వచ్చింది. నేను గుర్తుపట్టలేదు, ఆమే చెప్పింది. కాగితాలన్నీ రాయడం అయిపోయింది. లేచి, గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి ఒకటే అడిగింది.

'టీచర్, ఇక్కడ హాస్టల్ సెలవుల్లో తెరిచుంటుందా?'

నా చేతిలో పెన్ను జారిపోయింది. ఆమెను మళ్లీ కూర్చోమన్నాను. తలుపు దగ్గరికి వేసి, ఆ రోజు నేను నిన్ను ఏమీ అడగలేదు, తప్పు చేశాను అని చెప్పాను. తర్వాత ఆమె మాట్లాడింది, నేను విన్నాను. ఆమె చెప్పింది ఆమెది, అది ఇక్కడ చెప్పను.

ఆ పిల్ల అసలేమీ చెప్పలేదని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. చెప్పింది. పిల్లలు చెప్పేది అట్లాగే చెబుతారు. బల్ల మీద గ్లాసు కొట్టి, కాగితం తీసి చదవడానికి క్రిస్టియన్‌కి అంత వయసు రావాల్సి వచ్చింది. చిన్నపిల్ల దగ్గర ఆ మాటలు ఉండవు. 'చిన్నాయన ఉంటాడు' అన్నదే ఆ పిల్ల ప్రసంగం. ఆ బల్ల దగ్గర తింటూ కూర్చున్నది నేను.

ఇంకా నన్ను తినేసే విషయం ఏందంటే, ఇల్లు వదలాల్సి వచ్చింది ఎవరు? ఆ పిల్ల. సెలవుల్లో హాస్టల్లో ఉంటానని అడిగింది ఆ పిల్ల. చదువు మానిపించి, పెళ్లి చేసి పంపించింది ఆ పిల్లని. ఆ చిన్నాయన పండక్కి అదే ఇంట్లో, అదే నట్టింట్లో ఆకు ముందు కూర్చున్నాడు. బంతిలోంచి ఎప్పుడూ పిల్లనే లేపుతాం.

మీరా నాయర్ తీసిన 'మాన్‌సూన్ వెడ్డింగ్' 2001లో వచ్చింది, వెనిస్ సినిమా ఉత్సవంలో గోల్డెన్ లయన్ బహుమతి గెలిచింది. అది ఢిల్లీలో ఒక పంజాబీ పెళ్లి కథ. పాటలు, వాన, బంతిపూలు, సందడి. ఇవాళ చూసినంత బరువుగా ఉండదు, కానీ మధ్యలో ఇదే ముల్లు ఉంది. తండ్రి లేని పిల్ల రియా. ఆమెను చిన్నప్పుడు బాధపెట్టిన తేజ్ అనే బంధువు ఈ కుటుంబాన్ని డబ్బుతో ఆదుకున్నవాడు, రియా పైచదువుకి కూడా డబ్బిస్తానంటాడు. అతను ఇంట్లో ఇంకో చిన్నపిల్లను అట్లాగే మచ్చిక చేసుకోవడం చూసి, రియా పెళ్లివాళ్లందరి ముందూ అడ్డం పడుతుంది. ఆ ఇంటి పెద్ద లలిత్, నసీరుద్దీన్ షా వేశాడు, ఆ రాత్రంతా నలిగిపోతాడు. అవతల అప్పు, ఉపకారం, బంధుత్వం, తెల్లారితే కూతురి పెళ్లి. మర్నాడు పెళ్లివారు తలపాగాలు కట్టుకునే వేళ, చనిపోయిన అన్న పటం ముందు, తేజ్‌ని ఇంట్లోంచి వెళ్లిపొమ్మంటాడు. ఆయన గొంతు గట్టిగా కూడా లేదు. చేతులు వణుకుతున్నట్టే ఉంటాయి. నాకు ఆ సీను చాలా ఇష్టం, ఎందుకంటే లలిత్ వీరుడు కాదు. మన వీధిలో ఉండే మామూలు తండ్రి. అప్పులున్నవాడు. ఆయన చెయ్యగలిగాడు.

'ఫెస్టెన్'లో కూడా చివరికి అదే జరుగుతుంది, కాకపోతే చాలా ఆలస్యంగా. లిండా రాసిపెట్టిన ఉత్తరం బయటపడి, హెలెన్ బల్ల దగ్గర చదివాక గానీ ఎవరూ నమ్మరు. చచ్చిపోయిన పిల్ల సాక్ష్యం చెబితే గానీ బతికున్నవాడి మాట చెల్లలేదు! మర్నాడు పొద్దున టిఫిన్ల దగ్గరికి తండ్రి వస్తాడు. తను చేసింది క్షమించరానిదని ఒప్పుకుంటాడు. అప్పుడు మైకేల్, నిన్న అన్నని చెట్టుకు కట్టేసినవాడే, మేము తినాలి, నువ్వు ఇక వెళ్లు అంటాడు. తండ్రి లేచి, వస్తున్నావా అని భార్యను అడుగుతాడు. ఆమె కదలదు. ఆయన ఒక్కడే వెళ్లిపోతాడు.

వంటగది గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాను. మొదటి ప్రసంగం తర్వాత అతిథులు వెళ్లిపోకుండా వంటవాడు కిమ్ పనివాళ్ల చేత గదుల్లోంచి కార్ల తాళాలు తెప్పించి దాచేస్తాడు. బల్ల దగ్గర ఉన్నవాళ్లకు తెలియనిది వంటింట్లో ఉన్నవాళ్లకు తెలుసు. మన ఇళ్లలో కూడా అంతే. పక్క బట్టలు ఉతికే మనిషికి, బిడ్డను ఎత్తుకు తిప్పే ఆయాకి, ఆటో తోలే అబ్బాయికి ముందు అనుమానం వస్తుంది. వాళ్లు ఏదైనా అంటే మనకు పౌరుషం వస్తుంది, పనిలోంచి తీసేస్తాం. దయచేసి అట్లా చెయ్యకండి. వాళ్ల మాట వినండి.

2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి ఒక నివేదిక వేసింది. అందులో 53.22 శాతం మంది ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. చేసినవాళ్లలో దాదాపు సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లే, పిల్లలు నమ్మినవాళ్లే. చాలామంది పిల్లలు ఎవరికీ చెప్పలేదు. ఆ నివేదికలో మగపిల్లలు కూడా ఆడపిల్లలతో సమానంగానే ఉన్నారు. క్రిస్టియన్ మగపిల్లవాడు, మర్చిపోవద్దు. మగపిల్లవాడికి ఏమవుతుందిలే అనే మాట ఈ ఊళ్లో నేను ఇప్పటికీ వింటున్నాను.

ఆ నివేదిక తర్వాత అయిదేళ్లకి, పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం వచ్చింది, 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉంది. ఈ హాల్లో టీచర్లు చాలామంది ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. పిల్ల మీద ఇలాంటిది జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, 19వ సెక్షను. తెలిసీ చెప్పకపోతే అది నేరం, 21వ సెక్షను. పరువు పోతుందని హెడ్మాస్టరు గదిలో పెద్దమనుషుల్ని పిలిచి సర్దుబాటు చెయ్యడానికి వీల్లేదు. పిల్ల స్టేషనుకు రావాల్సిన పని లేదు. ఇంటి దగ్గరో, పిల్లకు ఇష్టమైన చోటో, వీలైనంతవరకు మహిళా ఎస్సై, యూనిఫాం లేకుండా వచ్చి వాంగ్మూలం తీసుకోవాలి. పిల్ల పేరు బయటికి రాకూడదు. ఎవరికి చెప్పాలో తోచకపోతే పిల్లల సాయం కోసం ఉన్న 1098కి ఫోన్ చెయ్యండి. పిల్లలే నేరుగా చేసినా పలుకుతారు.

చట్టం కన్నా ముందు ఒక నిమిషం ఉంటుంది. పిల్ల నోరు తెరిచిన తర్వాతి నిమిషం. ఆ నిమిషంలో 'నిజమా?' అనకండి. 'ముందే ఎందుకు చెప్పలేదు?' అసలే అనకండి. కేకలు పెట్టి కత్తి పట్టుకుని పరిగెత్తకండి కూడా, పిల్ల మీకోసం భయపడి మాట వెనక్కి తీసుకుంటుంది. చేస్తున్న పని పక్కన పెట్టి కూర్చోండి. 'చెప్పి మంచి పని చేశావు నాయనా, ఇందులో నీ తప్పేమీ లేదు' అనండి. వివరాలు గుచ్చి గుచ్చి అడగొద్దు, అది తెలిసినవాళ్లు అడుగుతారు. ఎవరికీ చెప్పనని మాత్రం ఒట్టు వెయ్యకండి, ఎందుకంటే చెప్పాల్సి ఉంటుంది. నిన్ను కాపాడగలిగినవాళ్లకే చెబుతానని నిజమే చెప్పండి.

ఆ తర్వాత ఇంటికి వెళ్లి చూసుకోవాల్సింది ఒకటుంది. ఎవరు ఎక్కడ పడుకుంటున్నారు, ఎవరు ఆ ఇంట్లోంచి కదలాలి. పిల్లని అమ్మమ్మగారింటికి పంపించేద్దాం అని మొదట మీకే అనిపిస్తుంది. ఒక్క క్షణం ఆగండి. ఆ పిల్ల మంచం, ఆ పిల్ల బడి, ఆ పిల్ల స్నేహితులు, ఆ పిల్ల కుక్కపిల్ల అన్నీ అక్కడే ఉన్నాయి. వెళ్లాల్సినవాడు వేరే ఉన్నాడు.

ఇప్పుడు ప్రశ్నలు అన్నారు గానీ, మైకు చేతికిచ్చి ఎవరినీ నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. కుర్చీల మీద తెల్లకాగితాలు పెట్టించాం. సినిమా మీద ఏదైనా అడగాలంటే రాసి ఈ డబ్బాలో వెయ్యండి, పేరు అక్కర్లేదు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యం చేసే డాక్టరమ్మ ఒకరు వచ్చారు, కుడివైపు గదిలో కూర్చుంటారు. నేను వెనక, మంచినీళ్ల బల్ల పక్కన ఆ బెంచీ మీద ఉంటాను. హాలు తాళం ఎనిమిదిన్నరకి వేస్తారు, అడిగితే తొమ్మిది దాకా ఉంచుతామన్నారు. నాకు ఇవాళ పట్టుకోవాల్సిన బస్సు ఏమీ లేదు. మైకు ఆపెయ్యండి.